వెలివేసినోడి పేరు డిక్షనరీలో ఏదీ?

ఇంగ్లీషు పేపర్లు చదివేవాళ్లకు ‘పరయా’ అనే మాట కొత్తది కాదు. నలుగురు కలిసి దూరం పెట్టిన దేశాన్ని ‘పరయా దేశం’ అని రాస్తారు. అర్థం కోసం డిక్షనరీ తెరిస్తే ‘వెలివేయబడ్డవాడు’ అని ఉంటుంది. పరీక్ష రాసే పిలగాండ్లు దాన్నే బట్టీపడతారు. మార్కులొస్తాయి. కథ అక్కడికి ఒడిసినట్టేనా?

ఆ మాట లండన్‌లో పుట్టలేదు. మన పక్క తమిళనాట పుట్టింది. తమిళంలో పరై అంటే డప్పు. డప్పు కొట్టేవాళ్లు పరైయర్లు. పరై అంటే చెప్పడం, చాటడం అనే అర్థం కూడా ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషోళ్ల రాతల్లోకి ఎక్కినప్పుడు అదొక కులం పేరే. 19వ శతాబ్దానికి లోకం ఛీకొట్టిన ప్రతివాడూ ‘పరయా’ అయిండు. వీధికుక్క ‘పరయా కుక్క’ అయింది. జర్మనీ పండితుడు మాక్స్ వెబర్ యూదుల్ని ‘పరయా జనం’ అని రాసిండు.

మరి బ్రాహ్మణుడి మాట ఇంగ్లీషులోకి పోయి ఏమైంది? అమెరికాలో ‘బోస్టన్ బ్రాహ్మిన్’ అంటే పెద్దింటోడు. ‘పండిట్’ అంటే అన్నీ తెలిసినోడు. సముద్రం దాటినా చాతుర్వర్ణ్యం చెక్కుచెదరలేదు! తెల్లోడు ఈ అంటును కనిపెట్టలేదు. ఇక్కడి అగ్రకులాలు పెట్టినదాన్ని మోసుకపోయి ప్రపంచానికి పంచిపెట్టిండు. ‘వెలివేయబడ్డవాడు’ అనే అర్థంలో వెలివేసినోడు ఎక్కడున్నడు? దెబ్బ తిన్నోడి పేరు డిక్షనరీకెక్కింది, కొట్టినోడు తప్పించుకున్నడు.

“ఆ మాట వాడేటప్పుడు కులం ఎవరికి గుర్తొస్తుంది?” అంటారు కొందరు పెద్దమనుషులు. మా తగాదా అదే. గుర్తు కూడా లేకుండా ఒక జాతిని తిట్టగలుగుతున్నారంటే, ఆ తిట్టు ఎంత లోతుకు దిగిందో చూడండి.

పేర్ల కొట్లాట మనకు కొత్త కాదు. 1893లో మద్రాసులో రెట్టమలై శ్రీనివాసన్ తన పత్రికకు ‘పరైయన్’ అనే పేరే పెట్టిండు. తిట్టును జెండా చేసిండు. 1917లో బెజవాడ సభలో మన హైదరాబాదు భాగ్యరెడ్డివర్మ ‘పంచములు’ అనే పేరును కాదని ‘ఆది ఆంధ్రులం’ అన్నడు. ఒకరు పేరును నిలబెట్టుకున్నరు, ఒకరు మార్చుకున్నరు. ఇద్దరూ చాటింది ఒక్కటే: మా పేరు మేమే పెట్టుకుంటం.

ఖైరతాబాద్ బస్తీ పిల్లలకు చదువు చెప్పే మేము అడిగేదీ అదే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత డిక్షనరీ కొనుక్కునే మా పిల్లకు మాట అర్థం ఒక్కటే చాలదు, దాని పుట్టుక కావాలె. పంతుళ్లారా, ఆ మాట పాఠంలో వస్తే డప్పు గురించి చెప్పండి, వెలి గురించి చెప్పండి, వెలివేసినోళ్ల గురించి కూడా చెప్పండి. ఎడిటర్లారా, ఎవర్నన్నా తిట్టాలంటే మీ ఇంటి మాట వెతుక్కోండి. మా డప్పును మాత్రం ముట్టకండి!

జై భీమ్!