కాలిబాట ఎవరిది?

కొండదారుల మీద వ్యాసాలు రాసే మన మిత్రులు కొందరు మలుపుల్ని, మంచుని వర్ణిస్తారు. కావిడితో దిగివచ్చే సవరను కూడా ఆ దృశ్యంలో కలిపేసి ఊరుకుంటారు. ఆ బాట మీద అతనికున్న హక్కేమిటని ఒక్కరూ అడగరు. నేను అడుగుతున్నాను.

వీరు ఆదర్శంగా చూపే ఇంగ్లండు కాలిబాటలు ప్రకృతి ప్రసాదించినవా? కిండర్ స్కౌట్ కొండ ప్రభువుల వేటభూమి. పరాయివాడు అడుగు పెట్టరాదు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది యువకులు ఆ నిషేధాన్ని కాళ్లతోనే ధిక్కరించారు. నాయకుడు బెన్నీ రాత్‌మన్‌కు అప్పటికి 20 ఏళ్లు. ఐదుగురు జైలుకు వెళ్లారు. 1949 చట్టం వచ్చాక అక్కడి కాలిబాటలు పటానికెక్కాయి. పటానికెక్కిన బాటను భూస్వామి తన ఇష్టానికి మూసెయ్యలేడు.

మరి మనకో? మైదానంలో గోర్జికి పోరంబోకు లెక్క అయినా ఉంది. దాన్ని దున్ని కలుపుకునే మోతుబరికి కాస్త జంకు ఉండాలి (ఉండదు, అది వేరే కథ). అడవిలో సంగతి వేరు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగు పెట్టటాన్నే నేరం చేసింది. తాతలనాటి బాట మీద మనవడు దొంగ అయ్యాడు!

ఆ బాట మీదే నెత్తురు కూడా పడింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు నడిచి వెళుతున్నవారిని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న నేలకొరిగారు. సభకు నడిచిపోవటమే వారి నేరం.

ఇక డోలీ. నిండు గర్భిణిని కర్రకు కట్టిన గుడ్డలో మోసుకురావటాన్ని ఆచారమని ముచ్చటపడేవారున్నారు. కొండ కష్టమైనదనే అధికారులున్నారు. కలప దిగిన కొండ మీదనుంచి పురిటిమనిషి దిగటానికే దారి దొరకదా? 2018లో సాలూరు కొండల్లో ఒక తల్లి డోలీ మోస్తుండగానే దారిలో ప్రసవించింది. 2022లో పార్వతీపురం మన్యం అనే కొత్త జిల్లా ఏర్పడింది; డోలీ మాత్రం పోలేదు. చట్టం అడ్డమన్న మాట కూడా చెల్లదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే, రోడ్డు పనికి హెక్టారులోపు అటవీభూమిని మళ్లించవచ్చు.

ప్రతి బాటకూ తారు పొయ్యాలని నేననటం లేదు. సంతకు, బడికి, వాగుకు పోయే బాటలు కాలిబాటలుగానే ఉండనివ్వండి, కాని కాగితం మీద ఉండనివ్వండి. సీతంపేట, పార్వతీపురం ప్రాంతాల ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ వేసవి సెలవుల్లో ఊరిపెద్దల వెంట నడిచి, వారు చెప్పే పేర్లతోనే ఆ బాటల పటాలు గీసి గ్రామసభ ముందు పెట్టాలి.