సభ ముందా, కొండ ముందా?

వ్యాపార సభలకు విహారాన్ని జతచేయడం కొత్త సంగతి కాదు. ఏ పరిశ్రమవారు సమావేశమైనా చివరిరోజున ఒక బస్సు, ఒక కోట, ఒక విందు ఉండనే ఉంటాయి. సాహసయాత్రలను అమ్మి జీవించే పరిశ్రమ విషయంలో మాత్రం ఈ జతను వేరుగా తూచవలసి ఉంటుందని నా అభిప్రాయం. వారికి కొండ విడిది కాదు, సరుకు.

అడ్వెంచర్ ట్రావెల్ ట్రేడ్ అసోసియేషన్ అనే సంస్థ ఈ రంగంలోని వారికోసం ప్రపంచ మహాసభలు జరుపుతూ వస్తున్నది. 2012లో స్విట్జర్లాండులోని లూసెర్న్, 2016లో అలాస్కాలోని ఆంకరేజ్, 2023లో జపానులోని సప్పొరో అందుకు వేదికలయ్యాయి. ప్రసంగాలు మొదలుకాక మునుపే ప్రతినిధులను ఒకరోజు ఆరుబయటికి తీసుకుపోవడం, కోరినవారికి అంతకుముందే కొన్నిరోజుల యాత్రలు ఏర్పాటు చేయడం ఈ సభల ఆనవాయితీ. మంచు కరిగిపోతున్నదని వాపోవడానికి వేలమైళ్లు విమానంలో ఎగిరిరావాలా అని ఆక్షేపించేవారున్నారు. ఆక్షేపణ న్యాయమైనదే. విమానపు పొగకు ఏ ప్రసంగమూ ప్రాయశ్చిత్తం కాజాలదు.

అయినప్పటికీ నేను విహారం పక్షమే వహిస్తాను. కారణం చెబుతాను.

2024 ఆగస్టు 25న ఐస్లాండులోని బ్రెయిదమెర్కుర్యోకుల్ హిమానీనదం మీద, మార్గదర్శకులతో వెళ్లిన 23 మంది యాత్రికుల బృందంపై మంచు విరిగిపడింది. ఒకరు మరణించారు, మరొకరు గాయపడ్డారు. మంచుగుహలు చలికాలంలో చూడదగినవి. వేసవిలో కరుగునీరు లోలోపల తొలుచుకుపోతుంటే పైకప్పు ఎప్పుడు కూలుతుందో ఎవరూ చెప్పలేరు. అయినా వేసవిలోనూ ఆ యాత్రలు సాగాయి. యాత్రికులు వచ్చేది వేసవిలో కదా! అంతకు రెండేళ్ల ముందు, 2022 జులై 3న, ఇటలీలోని మర్మొలాడా మీద హిమానీనదపు ముక్క ఒకటి విరిగిపడి 11 మంది ప్రాణాలు కోల్పోయారు. అవి అసాధారణమైన ఎండలు కాసిన రోజులు.

ఎక్కడో దూరాన కూర్చుని యాత్రల పట్టిక తయారుచేసేవాడికి మంచు ఒక బొమ్మ, నెల ఒక గడి. కాళ్లకు ఇనుపముళ్లు తగిలించుకొని, నడుముకు తాడు కట్టుకొని, మార్గదర్శకుడి వెనుక రెండు గంటలు నడిస్తే ఆ గడికీ మంచుకూ పొంతన లేదని తెలుస్తుంది. ఆ తెలివిడి సభాభవనంలో దొరకదు.

ఆంకరేజ్ సంగతే చూడండి. ఆ నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరాన పోర్టేజ్ హిమానీనదం ఉన్నది. దానిని చూపడానికి 1986లో సరస్సు ఒడ్డున ఒక సందర్శక కేంద్రం తెరిచారు. హిమానీనదం వెనక్కు జరిగి, ఇప్పుడు ఆ కిటికీలలోంచి కనబడదు. పడవెక్కి వెళ్లి చూడవలసిందే. సీవార్డ్ దగ్గరి ఎగ్జిట్ హిమానీనదానికి పోయే దారిలో, ఏ సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో తెలిపే ఫలకాలు నాటి ఉన్నాయి. ఒక్కొక్క ఫలకం దాటి నడిచినవాడికి వేరే ఉపన్యాసం అక్కరలేదు. స్విట్జర్లాండు 2022, 2023 రెండేళ్లలోనే తన హిమానీనదాల పరిమాణంలో పదోవంతు పోగొట్టుకున్నది. పదేళ్ల తరువాత ఏమి అమ్మాలన్నది వీరికి బతుకుదెరువు ప్రశ్న.

కాబట్టి విహారం ఉండవలసిందే, అయితే సభకు ముందే. చివరన పెడితే అది బహుమానం అవుతుంది, ఫొటోలు మిగులుతాయి. ముందు పెడితే చర్చకు పునాది అవుతుంది. అంతకంటె ముఖ్యం, ఉదయం మంచుమీద నడిపించిన మార్గదర్శకుడిని సాయంత్రం వేదిక ఎక్కించాలి. ఏ నెలలో యాత్ర ఆపాలో, ఎంతమందికి మించి తీసుకుపోరాదో అతడు చెప్పాలి, వ్యాపారులు వినాలి. "ఈ రోజు వద్దు" అనే అధికారం అతడికి ఉన్నదా, ఆ మాట అన్నందుకు అతడి కూలి పోతుందా అన్నది అక్కడే తేల్చాలి. డబ్బు తిరిగి ఇవ్వవలసివస్తుందనే భయం లేనినాడే అతడి నోట ఆ మాట వస్తుంది.

వాతావరణం బాగాలేదని మార్గదర్శకుడు ఆ విహారాన్నే రద్దుచేస్తే? ప్రతినిధులు నొచ్చుకోనక్కరలేదు. తమ ఖాతాదారులకు రేపు తాము చెప్పవలసిన మాటను వారు ముందుగా తామే విన్నారు.