చీటిలేని స్టెరాయిడు

వేరుసెనగచేలలో నడుము వంచి పనిచేయు మన కర్నూలు, కడప జిల్లాల కూలివానికి మోకాలినొప్పి క్రొత్తది కాదు. అంగడివాడు చీటి యడుగక యిచ్చిన మాత్రతో తెల్లవాఱుసరికి నొప్పి మాయమగును. అది స్టెరాయిడని యతని కెవ్వరును చెప్పరు.

మందును మేము నిందింపము. 1948లో అమెరికాయందు కీళ్లవాతముచే మంచము పట్టిన రోగిని లేపి నడిపించినది కార్టిజోనే. 2020లో డెక్సామెథసోను శ్వాసయంత్రముపై నున్న కోవిడు రోగుల మరణములను మూడవవంతు తగ్గించెనని ఇంగ్లండు పరిశోధనమున తేలినది. ప్రాణవాయు వక్కఱలేని రోగులకు మాత్రము మేలు కానరాలేదు. ఈ రెండవమాట మనవారి చెవి కెక్కలేదు. 2021 వేసవిలో స్వల్పజ్వరమునకే యీ మాత్రలు మ్రింగినవా రనేకులు. రక్తమున చక్కెర పెరిగి, రోగనిరోధశక్తి తగ్గినవారికి బ్లాక్ ఫంగసు ముక్కునుండి కంటికి ప్రాకెను. కన్ను తీసి ప్రాణము నిలుపవలసి వచ్చినవారు దేశమున నెందఱో!

నెలల తరబడి మ్రింగినచో నెముకలు గుల్లబాఱును. తటాలున మానుటయు ప్రమాదమే; దేహము తన సహజరసమును తయారుచేయుట మఱచియుండును. కావున నిదివఱకే వాడుచున్నవారు వైద్యుని యడిగి క్రమముగా తగ్గించుకొనవలెను.

చీటిలేక వీని నమ్మరాదని చట్టమున్నది. ఔషధ తనిఖీ యధికారులు మన యంగళ్లలో చిట్టాలు విప్పించి చూచుచున్నారా?