సాక్ష్యం మధ్యలో కీర్తన

మా అమ్మ బడికి పోలేదు. ఆమె నలుగురిలో లేచి మాట్లాడిన చోటు ఒక్కటే, ప్రకాశం జిల్లాలో మా మాదిగపల్లె గుడి. గుడి అంటే చర్చి. మా వైపు అలాగే అంటాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ‘సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండి’ అనగానే అమ్మ కొంగు తల మీదికి లాక్కుని లేచేది. ‘పాపినైన నన్ను’ అని మొదలుపెట్టి ఆ ఏటి జ్వరాలు, అప్పులు, నాన్న తాగుడు, తమ్ముడి చదువు అన్నీ వరసగా చెప్పి ‘ఇంతవరకు కాచిన దేవునికి స్తోత్రం’ అని కూర్చునేది. ఏడాదంతా చేలో వంగి కలుపు తీసే మనిషి ఆ అయిదు నిమిషాలూ నిటారుగా నిలబడేది.

ఒక ఏడు అమ్మ వరస తప్పింది. ‘ఈ సంవత్సరం దేవుడు నాకు ధైర్యమిచ్చాడు. సంఘపెద్ద దగ్గర నేను కట్టిన చీటీ డబ్బు ఎనిమిది వేలు ఆయన ఇయ్యకపోతే ఇంటికి పోయి అడిగాను. ఆయన నన్ను...’ అంది. ఆ తర్వాతి మాట ఎవరికీ వినపడలేదు. పాస్టరు గారు కీర్తన ఎత్తుకున్నారు. ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ అందుకున్నారు. నేనూ పాడాను. నాకప్పుడు పద్నాలుగేళ్లు. అమ్మ కాసేపు అలాగే నిలబడి కూర్చుంది. మళ్లీ ఏ డిసెంబరులోనూ లేవలేదు.

ఆ కీర్తన గుడిలో మాత్రమే పాడతారనుకున్నాను చాలాకాలం. కాదని తర్వాత తెలిసింది.

ముందు గుడి సంగతి. సాక్ష్యానికి ఒక అచ్చు ఉంది. పాత జీవితం, పాపం, కష్టం, కన్నీటి ప్రార్థన, అద్భుతం, ఇప్పటి సంతోషం. ఆడదాని సాక్ష్యంలో కష్టం ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఇప్పుడైతే యూట్యూబులో ‘కన్నీటి సాక్ష్యం’ అని పేరు పెట్టి మరీ వదులుతున్నారు. అయితే ఆ కష్టానికి కారకుడైన మనిషి మాత్రం అందులో ఉండకూడదు. మొగుడు కొడితే ‘నా ప్రార్థనలో లోపముంది’ అనాలి. ‘మా ఆయన మారాడు’ అంటే సాక్ష్యం. ‘మారలేదు, నేనే పిల్లల్ని తీసుకుని బయటికొచ్చాను, దేవుడు నాకు తోడున్నాడు’ అంటే అది సాక్ష్యం కాదట, కుటుంబ విషయమట! పాపం ఎప్పుడూ చెప్పేదానిదే అయి ఉండాలి. ఎదుటివాడి పాపం బయటికొస్తే కీర్తన మొదలవుతుంది.

ఇది వాక్యానుసారమని చెప్పేవాళ్లు తమ బైబిలే మళ్లీ చదువుకోవాలి. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధిని ముందుగా చూసింది ఆడవాళ్లు. మగ్దలేనే మరియ, ఆమెతో ఉన్నవాళ్లు వచ్చి చెబితే, అపొస్తలులు ఆ మాటల్ని పిచ్చి మాటలుగా కొట్టేశారని లూకాయే రాశాడు. తర్వాత కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయంలో పౌలు పునరుత్థానానికి సాక్షుల జాబితా ఇస్తూ కేఫాను, పన్నెండుమందిని, అయిదువందలమందికి పైగా సహోదరుల్ని, యాకోబును లెక్కపెట్టాడు. మరియ పేరు లేదు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న మాట దాని ముందు అధ్యాయంలోనే ఉంది! మాట మూయించడం, సాక్షుల జాబితాలోంచి తీసేయడం, రెండూ ఒకే లేఖలో పక్కపక్కనే ఉన్నాయి. దక్షిణ ఇండియా సంఘం 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలితను తన మొదటి మహిళా బిషప్‌గా అభిషేకించింది. సంతోషమే. కానీ పల్లె గుడిలో నేటికీ ప్రసంగం మగవాడిది, సాక్ష్యం ఆడదానిది. ఒకరు అర్థం చెబుతారు, ఒకరు ఏడుస్తారు.

ఇంతవరకు చదివి మన మిత్రులు చాలామంది తలాడిస్తారని తెలుసు. చర్చిని విమర్శించడం మనకి తేలికే. ఇప్పుడు మన సంగతికి వస్తాను.

కొన్నేళ్ల క్రితం స్త్రీల ఆత్మకథల మీద జరిగిన ఒక సెమినార్‌లో అమ్మ సాక్ష్యాల మీద పేపర్ చదివాను. ఒక సీనియర్ ప్రొఫెసర్ లేచి ‘ఇది ఆత్మకథ కాదమ్మా, మిషనరీలు నేర్పిన చిలకపలుకు. ఇందులో ఆమె గొంతు ఎక్కడుంది?’ అన్నారు. ఆమె స్త్రీవాదే. నేను గౌరవించే మనిషే. హాలు నవ్వింది. అది రెండో కీర్తన.

పండిత రమాబాయి 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకుంది. 1907లో తన సాక్ష్యాన్ని పుస్తకంగా వేసింది. తనకి ఆశ్రయమిచ్చిన ఆంగ్లికన్ సన్యాసినులతోనే సిద్ధాంతాల మీద ఉత్తరాల్లో హోరాహోరీ వాదించింది. మనం ఆమెను చదువుతాం, పాఠం చెబుతాం. చెప్పాలి కూడా. కానీ సంస్కృతం వచ్చిన బ్రాహ్మణ స్త్రీ మతం మారితే అది ఆలోచన, మాదిగ ఆడది మారితే పాలపిండి కోసం! ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మనల్ని మనం అడిగామా?

1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు వెనకాలే వచ్చిన సంఘటన కాబట్టి తిండి కోసమే అనడం అందరికీ అలవాటైంది. ఆ ఒంగోలు మిషన్‌కి చెందిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి 1898లో పుస్తకం వేసింది. మరుసటేడు మాదిగల కథలతో ఇంకో పుస్తకం ఇంగ్లీషులో తెచ్చింది. ఆ కథల్లో కలం ఆమెదేనన్నది నిజం, అది విమర్శించాల్సిందే. కానీ నూటపాతికేళ్ల క్రితం ఒక పరదేశి స్త్రీ మా గుడిసెల ముందు కూర్చుని విన్నంతసేపైనా మన విశ్వవిద్యాలయాలు విన్నాయా? అచ్చు నేర్పిందే చెప్పారంటారా? ‘శ్రీమతే రామానుజాయ నమః’ అని మొదలయ్యే కావ్యానికీ అచ్చు ఉంది. దాన్ని సంప్రదాయం అంటున్నాం.

మూడో కీర్తన ప్రభుత్వానిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డు కులాలవాళ్లు. క్రైస్తవుడైన మాదిగ మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సి, ఒక్క శాతం వాటా. మతం మారినా పల్లె ఊరికి దూరంగానే ఉంది, చెప్పులు చేతిలోకి రావాల్సిన వీధి అలాగే ఉంది, కాగితంలో మాత్రం కులం ఎగిరిపోయింది. అందుకే మా పల్లెలో ఆడపిల్లకి రెండు పేర్లు, గుడి పేరొకటి, బడి పేరొకటి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీకి ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరిస్తూ, ఆమె బాప్తిస్మాన్నీ, చర్చికి వెళ్లడాన్నీ ఆధారాలుగా తీసుకుంది. అంటే గుడిలో చెప్పిన సాక్ష్యం కోర్టులో ఆమె మీదికే సాక్ష్యమవుతుంది. ‘విశ్వాసముంటే బాహాటంగా చెప్పుకోవచ్చు కదా’ అనేవాళ్లు ఆ మాట ఖరీదు ఎంతో, ఎవరు కడుతున్నారో చూడాలి.

నేనిప్పుడు ఆదివారాలు గుడికి పోను. అమ్మ దేవుణ్ణి మీరు నమ్మాలని నేను అడగడం లేదు. ఆమె ఆ మాటతో ఏం చేసిందో చూడమంటున్నాను. ‘దేవుడు నాకు ధైర్యమిచ్చాడు’ అన్న వాక్యంలోంచి దేవుణ్ణి తీసేసి ధైర్యాన్ని మాత్రం ఉంచుకుందామంటే కుదరదు. సంఘపెద్ద ఇంటి గడప ఎక్కినప్పుడు ఆమెకి రెండూ ఒకటే.

పోయిన సంక్రాంతికి రికార్డర్ పెట్టి ‘అమ్మా, సాక్ష్యం చెప్పు’ అన్నాను. ‘ఎవురికే? నీకా, నీ పేపరుకా?’ అంది. నేను రికార్డర్ ఆపేశాను. ఆ సాయంత్రం ఆమె ఆనాటి వాక్యం పూర్తిచేసింది. ఆ మాట ఇక్కడ రాయను. అది ఆమె లేచి చెప్పుకోవాల్సింది.

పాస్టర్లని అడిగేది ఒకటే, ఆడమనిషి నిలబడితే కూర్చునేదాకా పాట ఎత్తుకోకండి. మనం చేయాల్సిందీ అంతే. సాక్ష్యాన్ని దిద్దకుండా, మొక్కకుండా, స్త్రీల ఆత్మకథల పక్కన పెట్టి చదవండి. ముందు చివరిదాకా వినండి.