తుడిచే ముందు ఒక ఫొటో

గల్ఫ్‌లో మనవాళ్ల మధ్య ఒక సలహా పాతుకుపోయింది. వాన నీళ్లు ఇంట్లోకి వస్తే ఫొటోల జోలికి పోవద్దు, చప్పుడు చేయకుండా కడిగేసుకోవాలి అంటారు. ఫోన్ ఎత్తితే కేసవుతుందని కొందరి భయం. పాడైన ఇంటిని ఫొటో తీయడం అశుభమని కొందరు, ఊళ్లో అమ్మానాన్నలు బెంగపెట్టుకుంటారని ఇంకొందరు అంటారు. జాగ్రత్తగా వినిపించే ఈ మాట, నష్టపోయిన మనిషికి మిగిలిన సాక్ష్యాన్ని అతని చేతులతోనే కడిగించేస్తోంది.

2024 ఏప్రిల్ 16నే తీసుకుందాం. 1949లో రికార్డులు మొదలయ్యాక ఎమిరేట్స్‌లో అంత వాన ఎన్నడూ పడలేదు. అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజు తిరగకముందే 254 మిల్లీమీటర్లు కురిసింది. షార్జాలో కొన్ని వీధుల్లో నీళ్లు రోజుల తరబడి తీయలేదు. ఇలాంటి వరద తీశాక కింది అంతస్తు ఇంట్లో ఉబ్బిన ప్లైవుడ్ అల్మరా, పనిచేయని ఫ్రిజ్, గోడ మీద మోకాలెత్తున మట్టిచార మిగులుతాయి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ సామాను మునిగిందో ఆ చారను బట్టే తెలుస్తుంది. దానికి టేపు ఆనించి ఒక ఫొటో, ఫ్రిజ్ మీది మోడల్ నంబర్ స్టిక్కర్‌కి ఒకటి, గుమ్మంలోంచి గది మొత్తానికి ఒకటి తీయడం పది నిమిషాల పని. కరెంటు ఆపి, పిల్లల్ని పైకి చేర్చాకే సుమా. గోడ తోమేశాక మాత్రం అద్దెకున్నవాడి మాట, ఓనరు మాట తప్ప ఇంకేమీ ఉండదు. దుబాయ్‌లో 2007 నాటి 26వ నంబరు అద్దె చట్టం 21వ అధికరణం ప్రకారం ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. మామూలు అరుగుదలకు, అద్దెదారు చేతిలో లేని కారణాలతో జరిగిన నష్టానికి మినహాయింపు ఉంది. తలుపు చెడింది వరద వల్లేనని చూపలేకపోతే ఆ మినహాయింపు ఉండీ లాభం లేదు, డిపాజిట్‌లో కోత పడుతుంది.

చట్టం భయం పూర్తిగా అర్థంలేనిదేమీ కాదు. 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ చట్టం విపత్తు బాధితుల ఫొటోలను అనుమతి లేకుండా తీసి పంచడాన్ని నేరంగా చూస్తుంది. విపత్తు వేళ వదంతులు పుట్టిస్తే కనీసం రెండేళ్ల జైలు, 2 లక్షల దిర్హాముల జరిమానా. వానల్లో వాగుల దగ్గర గుమిగూడితే 1,000 దిర్హాములు, 6 బ్లాక్ పాయింట్లు అని 2023లో నిబంధన పెట్టారు. ఇవన్నీ ఉండాల్సినవే. ప్రాణాలు దక్కించుకుంటున్నవాళ్లను వీడియో తీసి వ్యూస్ కోసం వదలడం నీచం. కానీ మన గదిలో తడిసిన మన పరుపును ఫొటో తీసి దాచుకోవడానికీ దానికీ పోలికెక్కడిది? ఏప్రిల్ వరద తర్వాత దుబాయ్ పోలీసులే దెబ్బతిన్న వాహనాలకు యాప్ ద్వారా సర్టిఫికెట్లు ఇస్తూ, నష్టం ఫొటోలు జతచేయమన్నారు. ఫొటో తీస్తేనే తప్పనేవాళ్లు తీయడాన్నీ పోస్టు చేయడాన్నీ ఒకే గాట కట్టేస్తున్నారు. అమ్మానాన్నల బెంగ మాటా అంతే. తీసిన ప్రతిదీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలని ఎవరన్నారు?

అశుభం అనేవాళ్లు బెజవాడ వైపు చూడాలి. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 రూపాయలు ప్రకటించింది. ఎవరిల్లు ఎంత మునిగిందన్న దాన్ని బట్టే అక్కడ సాయం నడిచింది. అలాంటప్పుడు మునిగిన ఇంటి ఆనవాలు చూపడం అశుభం ఎలా అవుతుంది?

బీమా లేనివాడికి ఫొటో ఎందుకన్నది గట్టి ప్రశ్నే. నిజానికి అతనికే ఎక్కువ అవసరం. బీమా పాలసీ చూపి క్లెయిమ్ వేసే వీల్లేనివాడు ఓనరునో, కంపెనీనో అడిగి తెచ్చుకోవాల్సిందే. దుబాయ్ అద్దె ఒప్పందాల నమోదైన ఎజారీలో పేరు కూడా లేకుండా బెడ్‌స్పేస్‌లో ఉండే మనిషి, తన మంచం ఆ గదిలోనే ఉండేదని చూపడానికి కూడా ఫోనే దిక్కు. తీసిన ఫొటోలను ఆ సాయంత్రమే ఓనరుకో, క్యాంప్ బాసుకో వాట్సాప్‌లో పంపితే తేదీ కూడా పడుతుంది. ఆ తర్వాత బకెట్ పట్టుకోవచ్చు.