మావారూ, మారియో

నెల్లూరునుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి భర్తగారికి నలభై రెండేళ్లు. మంచి ఉద్యోగం. సిగరెట్టు లేదు, పేకాట లేదు. కాని రాత్రి పిల్లలు నిద్రపోగానే టీవీ ముందు చేరి మారియో ఆట ఆడతారట. ఒక్కొక్క రోజు ఒంటిగంట దాకానూ! మొన్న అన్నగారూ వదినగారూ వచ్చినప్పుడు తల ఎత్తుకోలేకపోయారట. ఈ పిల్లతనం మాన్పించే ఉపాయం చెప్పమన్నారు.

పేకాట లేదని మురిసిపోతున్నారు గాని, అమ్మా, ఆ మారియోను తయారుచేసే నింటెండో కంపెనీ 1889లో జపానులోని క్యోటోలో పేకముక్కలు చేసి అమ్మడంతోనే మొదలయింది. సరే, ఆ మాట అట్లా వుంచుదాం.

ఒకే ఆటను ముప్ఫయ్యేళ్లు ఎవరైనా ఆడతారా అని మీ ప్రశ్న. ఒకే ఆట కాదు. మన పత్రికల్లో సీరియల్ లాగా ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే వున్నాయి. 1981లో ‘డాంకీ కాంగ్’ అనే ఆటలో ఒక కోతి ఒక అమ్మాయిని ఎత్తుకుపోతే, ఒక వడ్రంగి దొర్లివచ్చే పీపాలమీదుగా దూకుతూ పైకెక్కి విడిపించాలి. ఆ వడ్రంగే మన మారియో. షిగెరు మియమోటో అనే ఆయన సృష్టి. ఆనాటి యంత్రాలమీద బొమ్మను పిడికెడు చుక్కలతో వేయాలి. నోరు వేస్తే ఆనదు, అందుకని మీసం పెట్టారు. జుట్టు వేయడం కష్టం, అందుకని టోపీ పెట్టారు. 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ వచ్చింది. అందులో ఆకాశంలోని మబ్బూ, నేలమీది పొదా ఒకటే బొమ్మ, రంగు మార్చారంతే. పాత చీరను పిల్లకు పరికిణీగా కుట్టే ఇల్లాళ్లకు ఈ పొదుపు విడమర్చి చెప్పనక్కరలేదు.

మన ఊళ్లలోకి ఇది 1990లలో దిగింది. అసలు యంత్రం కాదు, దానికి నకళ్లు. క్యాసెట్టు మీద 9999 ఆటలని అచ్చువేసేవారు; తీరా చూస్తే గుప్పెడు ఆటలే వేషాలు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. వాటిలో మారియో తప్పకుండా వుండేది. మొత్తం 32 అంచెలు. ఎంతవరకు వెళ్లామో దాచుకునే వీలు లేదు. కరెంటు పోయిందా, మళ్లీ మొదటినుంచే! అప్పటి మన కరెంటు సంగతి తెలిసిందే గదా.

మీ ఉత్తరం చివర, సంతకానికి పైన, ఒక ముక్క వుంది. వారి అన్నగారు పోయి మూడేళ్లయిందనీ, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఇదే ఆడేవారనీ ఊరికే రాసినట్టు రాశారు. నాకు మాత్రం ఉత్తరమంతా అక్కడే వున్నట్టు తోచింది.

ఎందుకంటే, ఆ పాత ఆటలో ఇద్దరు ఆడితే మొదటివాడు మారియో, రెండోవాడు అతని తమ్ముడు లూయిజీ. ఇద్దరూ ఒకేసారి ఆడటానికి లేదు. మారియో ప్రాణం పోతేనే లూయిజీకి వంతు. అందాకా రెండో రిమోటు వొళ్లో పెట్టుకుని, “అన్నయ్యా, గొయ్యి! దూకు, దూకు” అని అరుస్తూ కూర్చోవాలి. ఎక్కడ ఏ పుట్టగొడుగు దాగివుందో కంఠతా వచ్చేది ఆ కూర్చోవడంలోనే. మీవారు తమ్ముడు గనుక లూయిజీ ఆయనే అయివుంటారు. అర్ధరాత్రి ఆయన ఆ పెట్టెలో ఏం చూసుకుంటున్నారో నేను చెప్పలేను. ఆయన్నే అడగండి. మా అన్నయ్య ముందు పరువు పోయిందని మాత్రం మొదలుపెట్టకండి.

అయితే ఒంటిగంట దాకా మేలుకుని, నిద్రమొహంతో ఆఫీసుకు పోవడాన్ని నేను సమర్థించను. పదకొండు కొట్టగానే టీవీ కట్టేయమని గట్టిగా చెప్పండి. అందుకు మీకు పూర్తి హక్కు వుంది.

మరొక సంగతి. 1981లో కోతి ఎత్తుకుపోయిన ఆ అమ్మాయి పేరు పాలీన్. 2017లో వచ్చిన ‘సూపర్ మారియో ఒడిస్సీ’లో ఆమె ఒక మహానగరానికి మేయరు! మారియో మాత్రం ఇంకా దూకుతూనే వున్నాడు. ఇది చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

మీ ఇంట్లో వున్నది స్విచ్ యంత్రమని రాశారు గనుక ఒక ఉపాయం. 2023లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్ వండర్’ను నలుగురు ఒకేసారి ఆడవచ్చు, వంతుల బాధ లేదు. కొత్తగా నేర్చుకునేవారు యోషి అనే జంతువును ఎంచుకుంటే శత్రువులు తగిలినా ఏమీ కాదు, గోతుల్లో పడకుండా చూసుకుంటే చాలు. మొదటి శనివారం మీరూ ఆయనా ఆడండి. రెండో శనివారం పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ఈసారి మీ అన్నగారు వచ్చినప్పుడు మాట్లాడకుండా ఒక రిమోటు ఆయన చేతిలో పెట్టండి.