బోరు ఎండిందా, మోటారు అలిసిందా?

ఎండాకాలం వచ్చిందంటే చాలు, కువైట్‌లో ఉన్న మన ఫోన్లకు ఊరి నుంచి ఒకటే మాట: "బోరులో నీళ్ళు తగ్గినాయి, కొత్తది వేయించాల, దుడ్లు పంపు." రాయచోటి, రాజంపేట, పులివెందుల పక్క వాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేముంది! అక్కలారా, చెల్లెళ్ళారా, దుడ్లు పంపే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఓవర్‌టైం చేసేది మీరు, అడిగే హక్కూ మీదే.

నీళ్ళు తగ్గడం జ్వరం లాంటిది. అది లక్షణమే గానీ రోగం కాదు. వార్డులో జ్వరం వచ్చిన ప్రతి మనిషినీ థియేటర్‌లోకి తోసుకుపోము కదా? మన ఊళ్ళలో మాత్రం మిద్దె మీద ట్యాంకు నిండకపోతే నేరుగా బోరు బండికే ఫోను. కొత్త బోరు, కేసింగు, మోటారు కలిపితే లక్ష దాటే ఖర్చు. నీళ్ళు పడకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు.

మొదట అడగాల్సింది, బోరు మూతి దగ్గర నీళ్ళు ఎట్లా వస్తున్నాయని. ట్యాంకుకు పోయే పైపు అక్కడే విప్పించి, 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడమనండి. అక్కడ ధారగా వచ్చి ట్యాంకు దగ్గర సన్నగా పడుతుంటే బోరు తప్పేమీ లేదు. గేటు వాల్వు సగం మూసుకొని ఉండొచ్చు, పైపు లోపల ఉప్పునీళ్ళకు పొలుసు కట్టి ఉండొచ్చు, మట్టి కింద జాయింటు వదిలి ఉండొచ్చు. ప్లంబరు చేసే పని ఇది.

మూతి దగ్గరే తక్కువ వస్తుంటే మోటారు నడిపించి, పక్కనే నిలబడి చూడమనండి. మొదట బాగా వచ్చి, పది నిమిషాలకు గాలితో తుప్పరతుప్పరగా పడి ఆగిపోయి, గంట తర్వాత మళ్ళీ వస్తే నిజంగానే ఊట తగ్గింది. గాలి రాగానే మోటారు ఆపాలి, ఖాళీగా తిరిగితే కాలిపోతుంది. అట్లా కాకుండా మొదటి నిమిషం నుంచీ ఒకే మాదిరి సన్నధార వస్తే అనుమానం మోటారు మీద, పైపు మీద పెట్టుకోవాలి. వోల్టేజి తక్కువ ఉండొచ్చు. సింగిల్ ఫేజ్ మోటారైతే స్టార్టర్ పెట్టెలో కెపాసిటర్ పోయి ఉండొచ్చు. లోపలి ఇంపెల్లర్లు ఇసుకకు అరిగిపోయి ఉండొచ్చు. మోటారు నడుస్తున్నప్పుడు మాత్రమే బోరు లోపల నీళ్ళు పడే సద్దు వినిపిస్తే దించిన పైపుకు చిల్లి పడిందేమో చూడాలి. ఆపినాక చాలాసేపటికి కూడా అదే సద్దు ఉంటే అది పై ఊట కావచ్చు. ఎలక్ట్రీషియన్ దగ్గర టాంగ్ టెస్టర్ ఉంటుంది, మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చెబుతాడు. ఆ పెట్టె మాత్రం అతనే విప్పాలి, మన అత్తమ్మలతో విప్పించొద్దు తల్లీ!

ఊట నిజంగానే తగ్గినా కొత్త బోరు ఒక్కటే దారి కాదు. బోరు 500 అడుగులు ఉండి మోటారు 300 దగ్గర వేలాడుతుంటే, నీళ్ళు ఇంకా కింద ఉన్నాయేమో చూసి, మోటారుకు శక్తి ఉంటే మరికొంత దించొచ్చు. అడుగున పూడిక చేరితే కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చేయించొచ్చు. ఒకేసారి గంట నడపకుండా విడతలుగా నడిపినా రోజు గడుస్తుంది.

ఇంకా లోతుకు పోతే ఇంకా నీళ్ళు పడతాయన్న నమ్మకం మనవాళ్ళలో గట్టిది. మన పక్క చాలా ఊళ్ళ కింద ఉండేది గట్టి రాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటాయి. పగులు తగలకపోతే వెయ్యి అడుగులు దింపినా దుమ్మే. కొబ్బరికాయ చేతిలో పెట్టుకొని పాయింటు చూపే పెద్దమనిషికి ఇచ్చే డబ్బు భూగర్భ జలాలు చదువుకున్న జియాలజిస్టుకు ఇవ్వడం మేలని నా అభిప్రాయం. అతని లెక్క కూడా తప్పొచ్చు, కానీ లెక్కంటూ ఒకటి ఉంటుంది. పైగా వీధిలో అందరి బోర్లూ అవే పగుళ్ళను పీలుస్తుంటే, మన కొత్త బోరు పక్కింటి పిన్నమ్మ నీళ్ళే లాగుతుంది. ఆమె కూతురు కూడా ఇక్కడే ఏ సాల్మియాలోనో డ్యూటీ చేస్తుంటుంది. వచ్చే ఏడు ఆమెకూ ఫోను!

తప్పనిసరై కొత్తది వేయించాల్సి వస్తే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకున్నారా అని అడగండి. నీళ్ళు పడని బోరును పూడ్చకుండా వదిలేస్తే పసిబిడ్డలు పడతారు. సుప్రీంకోర్టు 2010లోనే దీని గురించి ఆదేశాలిచ్చింది. పూడ్చిన ఫోటో వచ్చేదాకా చివరి విడత డబ్బు పంపకండి.

నన్నడిగితే లక్షలో కొంత ఇంకుడు గుంతకు పెట్టిస్తా. 1000 చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైనే నీళ్ళు. కడప జిల్లాలో ఏడాదికి సుమారు 70 సెంటీమీటర్లు పడుతుంది. ఆ నీళ్ళన్నీ వీధి కాలువలోకి వదిలి, కింద రాయిని తొలిపిస్తున్నాం. మిద్దె నీళ్ళను నేరుగా బోరులోకి మాత్రం వదలొద్దు, కంకర, ఇసుక వేసిన గుంతలోంచి ఇంకాలి.

ఇవన్నీ అడిగితే తమ్ముడికో ఆయనకో కోపం రావచ్చు. "అక్కడ కూర్చొని నీకేం తెలుసు" అంటారు. అననివ్వండి. ఈ శుక్రవారం వీడియో కాల్‌లో మూడు అంకెలు అడిగి రాసిపెట్టుకోండి: బోరు లోతెంత, మోటారు ఎన్ని అడుగుల్లో ఉంది, నీళ్ళు ఎన్ని అడుగుల కింద ఉన్నాయి. బోరు వేసిన నాటి రసీదు బీరువాలో దొరికితే దాని ఫోటో కూడా పెట్టమనండి.